తల్లిపాలు - శిశువు శ్వాస

శిశువు తొలి ఏడుపుతోనే గాలిని లోనికి పీల్చుకొనును. నాటినుండి గాలితోపాటు ధూళియు, సూక్ష్మజీవులును ముక్కులోనికి, గొంతులోనికి చేరుచుండును. గర్భమందున్నపుడు మావి ద్వారా తల్లినుండి బిడ్డకు కొన్ని ప్రతిరక్షకములు లభించును. కాని అవి ప్రధానముగా రక్తమందు సంచరించునవి. ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరలపై కావలి కాయునది ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఎ అను వేరొక జాతి. అది మావిని దాటి రాదు. శిశువు దానిని తానుగా తగినంత తయారుచేసికొనుటకు కొన్ని నెలలు పట్టును.

ఈ లోటును తీర్చునవి తల్లిపాలు. తల్లికి జలుబు చేసినదనుకొందము. ఆమె శ్వాసనాళములందు ఆ క్రిమిని గుర్తించిన కణములు కొన్ని రక్తమార్గమున స్తనములకు చేరి, ఆ క్రిమికి సరిపడు ప్రతిరక్షకములను తయారుచేయును. ఇవి పాలలో కలిసి బిడ్డకు అందును. పాలలోని లాక్టోఫెరిన్ ఇనుమును పట్టియుంచి, ఇనుము లేనిదే పెరుగని బాక్టీరియాకు దానిని దక్కనీయదు. లైసోజైము బాక్టీరియా కణకవచమును ఛేదించును.

మరి ఈ రక్షణ పాలు మానిన తరువాతకూడ నిలుచునా? స్కాట్లండులోని డండీ నగరమున 1983-86 సంవత్సరములలో పుట్టిన శిశువుల ఆహారవివరములను శాస్త్రజ్ఞులు పుట్టినది మొదలు నమోదు చేసిరి. ఆ బిడ్డలు సుమారు ఏడేండ్లవారైనపుడు మరల పరిశీలించి, 1998లో ఫలితములను ప్రకటించిరి. పదునైదు వారములైనను కేవలము తల్లిపాలపై పెరిగినవారిలో శ్వాసకోశవ్యాధి వచ్చిన వారు నూటికి 17 మంది. సీసాపాలపై పెరిగినవారిలో నూటికి 32 మంది. పదునైదు వారములు నిండకమునుపే ఘనాహారము తినిపించిన బిడ్డలలో పిల్లికూతలు నూటికి 21 మందికి రాగా, తరువాత తినిపించినవారిలో సుమారు 10 మందికే వచ్చినవి.

ఇంతమాత్రముచే తల్లిపాలే కారణమని తీర్మానింపవచ్చునా? పాలిచ్చు తల్లుల ఇండ్లలో పొగత్రాగువారు తక్కువ కావచ్చును. ఆదాయము, చదువు ఎక్కువ కావచ్చును. డండీ శాస్త్రజ్ఞులు ఇట్టి భేదములను లెక్కలోనికి తీసికొనిరి. అయినను లెక్కకు అందని భేదములు మిగులవచ్చును. పరీక్షకొరకు ఏ తల్లినైనను పాలు మాన్పించుట న్యాయము కాదు గదా!

బెలారసులో వేరొక ఉపాయము పన్నిరి. 1996-97లో 31 ప్రసూతి ఆసుపత్రులను చీట్లు వేసినట్లు రెండుగా విభజించి, ఒక భాగమున పాలిచ్చుటకు తల్లులకు ప్రత్యేక ప్రోత్సాహ మిచ్చిరి. ఆ భాగమున విరేచనవ్యాధులు తగ్గినవి. శ్వాసకోశవ్యాధులలో మాత్రము చెప్పుకోదగిన భేదము కానరాలేదు. తరువాత ఆరున్నరేండ్ల వయస్సున ఉబ్బసమును తగ్గలేదు. కాని రెండు భాగములలోని తల్లులును మొదట పాలిచ్చినవారే. కావున ఇది ఎక్కువకాలము పాలిచ్చుటకును, తక్కువకాలము ఇచ్చుటకును గల పోలికయే కాని, పాలిచ్చుటకును, అసలు ఇవ్వకుండుటకును గల పోలిక కాదు.

కనుక తల్లిపాలు ఉబ్బసమును తప్పక ఆపునని చెప్పుట అతిశయోక్తి. వానివలన మేలు లేదనుట పొరపాటు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలునని 2001నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మన ఇండ్లలో కొన్నిచోట్ల ముర్రుపాలను పిండి పారబోసి, తేనె నాకించు ఆచారము కలదు. ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఎ అత్యధికముగా నుండునది ఆ ముర్రుపాలలోనే. బిడ్డకు దక్కవలసిన తొలి కవచమును మట్టిపాలు చేయరాదు.