డాబాపై పాచి

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో ఇంటి డాబాయే ఇల్లాలికి కళ్లము. పచ్చడి మిరపకాయలు, వడియములు ఆరునది అచ్చటనే. నిరుడు ఆశ్వయుజమున అట్టి డాబాపై నేను కాలుజారి పడితిని. ఎముక విరుగలేదు గాని బుద్ధి వచ్చినది.

వేసవిలో కప్పుపైనుండు నల్లని చారలను మనము దుమ్మనుకొందుము. అందు పెక్కు ఎండిన పాచియే. అది చావక నిద్రించుచుండి, నైరుతి వానలు, ఆపై ఈశాన్యపు వానలు తగులగనే జిగురెక్కును. అనుమానమున్నచో చెంబెడు నీరు పోసి, కొంతసేపటికి వ్రేలితో రాచి చూడుడు. దుమ్మైనచో కొట్టుకొనిపోవును, పాచియైనచో జారును. పచ్చని మఖమలువలె ఒత్తుగా నున్నది నాచు. దానికి నిజమైన వేళ్లు లేకున్నను, సన్నని పోగులతో పగుళ్లను పట్టుకొని తడిని నిలుపును. ఆ తడి లోనికి దిగినచో స్లాబులోని ఇనుము త్రుప్పుపట్టును.

దీనిని తడిపి, కొబ్బరిపీచుతో రుద్దవలెను. ఇనుప పారతో గీరినచో గచ్చు లేచిపోవును. పిదప బ్లీచింగు పొడి కలిపిన నీరు చల్లి, కొంతసేపుంచి, మంచినీటితో బాగుగా కడుగవలెను. అందు ఆసిడ్ కలుపరాదు, విషవాయువు పుట్టును. కడిగిన నీటిని బావివైపు పోనీయరాదు. కప్పు పూర్తిగా ఎండిన పిదపనే కాయలు పోయుడు. తడిపై పోసిన కాయకు బూజు పట్టును.

ఇంతటితో సగము పనియే యైనది. పాచి మొలచినచోట నీరు నిలుచుచున్నదని యర్థము. తూముల పూడిక తీసి, వాలు సరిచేసి, వేసవిలో సున్నము వేయుడు. లేనిచో మరుసటి వానలకు మీరును నావలె పడి నేర్చుకొందురు.