చీనావారి గాలి–నీరు

‘ఫెంగ్ షుయి’ యనగా చీనాభాషలో గాలి–నీరు. మన వాస్తువువలె నిదియు గృహమును గూర్చినదే. కాని దిక్కులను ఋతువులతో ముడివేయును. వసంతమునకు తూర్పు, దారువు, గ్రీష్మమునకు దక్షిణము, అగ్ని, శరత్తునకు పడమర, లోహము, శీతకాలమునకు ఉత్తరము, జలము, నడుమ భూమి. ఒకటి మితిమీరినచో వేరొకదానితో సరిచేయుదురు. ఉత్తరచీనాలో చలిగాలి ఉత్తరమునుండియే వీచును. అందుచే పాతయిండ్లు దక్షిణముఖములు. ఇందు మహిమకంటె శీతోష్ణముల యెరుకయే నాకు హెచ్చుగా కన్పట్టుచున్నది.

సంవత్సరాదికి ముందే యిల్లు ఊడ్చి, పండుగనాడు చీపురు ముట్టరు. భాగ్యము ఊడ్చుకొని పోవునట!

మన ప్రభవాదులవలె వారికిని అరువదేండ్ల చక్రము కలదు. అది నిండినవారికి ఉత్సవము చేసి, దీర్ఘాయువునకై పొడవైన సేమియా పోగులు తెంపకుండ వడ్డింతురు. నాకు షష్టిపూర్తి జరుగలేదు. దంపతులు పీటలపై కూర్చుండవలసిన శుభకార్యమది. రెండేండ్లు ముందే నా భార్య గతించినది. ఆమె గదిని మూసియుంచితిని. గాలి కదలని చోట ప్రాణశక్తి చెడునని చీనావారి మతము. దానిని చదివిన పిమ్మట, అరువది నిండిన యుదయమున ఆ గది తూర్పుకిటికీ తెరచితిని. అద్భుతమేమియు జరుగలేదు. ఆమె పెట్టెమీది ధూళి తుడిచితిని. కిటికీ మరల మూయలేదు.