తేలికపాటి వ్యవసాయ ఉత్పత్తుల ఆన్‌లైన్ అమ్మకం: రవాణా ఖర్చు తగ్గించుకొనే మార్గాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనగానే నాగార్జునసాగర్ ఎడమ కాలువ, వరి పొలాలు, రైస్ మిల్లులు గుర్తుకు వస్తాయి. లారీలకెత్తే ధాన్యానికి ఈ ప్రాంతంలో రవాణా వ్యవస్థ ఏనాడో స్థిరపడింది. పావు కిలో కారం పొడి, వంద గ్రాముల మునగాకు పొడి, పెరటి తోటకు కావలసిన విత్తనాల పొట్లం వంటి వాటికి ఫోనులో ఆర్డరు తీసుకొని దూరప్రాంతాలకు పంపే చిన్న అమ్మకందారుల పరిస్థితి వేరు. ధాన్యం విషయంలో కిలోకు పైసల్లో తేలే రవాణా ఖర్చు, వీరి విషయంలో ఒక్కొక్కప్పుడు సరుకు ధరనే మించిపోతుంది. విలువ జోడింపు వల్ల సమకూరిన లాభం కాస్తా కొరియర్ కౌంటరు దగ్గరే కరిగిపోతుంది. కాబట్టి ఈ అంశాన్ని వాణిజ్య విషయమని పక్కన పెట్టకుండా, విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణలో భాగంగా పరిగణించడం అవసరం.

బరువు శ్లాబులను గుర్తించడం

1986లో ప్రారంభమైన స్పీడ్ పోస్ట్ నేడు గ్రామీణ అమ్మకందారునికి అందుబాటులో ఉన్న ప్రధాన మార్గం. 2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవను ఇందులో విలీనం చేశారు. అదే ఏడాది అక్టోబరు 1 నుండి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 50 గ్రాముల వరకు స్థానిక బట్వాడాకు రూ.19, ఇతర ప్రాంతాలకు దూరంతో నిమిత్తం లేకుండా రూ.47 చెల్లించాలి. 51 నుండి 250 గ్రాములకు స్థానికంగా రూ.24, 200 కిలోమీటర్ల వరకు రూ.59, రెండు వేల కిలోమీటర్లు దాటితే రూ.77 అవుతుంది. 251 నుండి 500 గ్రాములకు ఇవి వరుసగా రూ.28, రూ.70, రూ.93. వీటిపై 18 శాతం జి.ఎస్.టి. అదనం. ఇవి పత్రాల తరగతికి చెందిన ధరలు. సరుకు పొట్లాన్ని ఏ తరగతిలో స్వీకరిస్తారో బుకింగ్‌కు ముందే తపాలా కార్యాలయంలో తెలుసుకోవాలి. తరగతి ఏదైనప్పటికీ శ్లాబుల సూత్రం మాత్రం ఒక్కటే.

200 కిలోమీటర్ల లోపు దూరానికి ఈ ధరలను పరిశీలిస్తే, బరువు 50 నుండి 500 గ్రాములకు పదింతలు పెరిగినా ఛార్జీ ఒకటిన్నర రెట్లకు మించలేదు. గ్రాముకు 94 పైసలు పడిన ఖర్చు 14 పైసలకు దిగింది. కనుక ఒకే వినియోగదారునికి రెండు మూడు సరుకులు కలిపి పంపేలా ఆర్డరు తీసుకోవడం తొలి మెట్టు. సరుకు బరువుకు కవరు బరువు కూడా కలుస్తుందన్నది రెండవ విషయం. నికర బరువు సరిగ్గా 500 గ్రాములుగా ఉంచితే కవరుతో కలిపి అది తరువాతి శ్లాబులోకి జారుతుంది. అదే 450 గ్రాములుగా నిర్ణయిస్తే కవరుకు చోటు మిగులుతుంది.

విత్తనాల విషయంలో ఈ లెక్క మరింత అనుకూలం. టమాట వేయి గింజల బరువు సుమారు 3 గ్రాములు, బెండ వేయి గింజల బరువు సుమారు 60 గ్రాములు. పెరటి తోటకు ముప్పై బెండ గింజలు చాలు. వాటి బరువు రెండు గ్రాములకు మించదు. బెండతో పాటు టమాట, వంగ, మిరప, తోటకూర, బీర కలిపి ఆరు రకాల విత్తనాలను ఒకే కవరులో అమర్చినా, చిన్న కాగితపు పొట్లాలతో సహా 50 గ్రాములు దాటదు. విడిగా అమ్మితే ఆరుసార్లు పడే ఛార్జీ ఇక్కడ ఒక్కసారితో సరిపోతుంది.

బరువే కాదు, పరిమాణమూ లెక్కే

కొరియర్ సంస్థలు సాధారణంగా అసలు బరువు, పరిమాణ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది కిలోలలో పరిమాణ బరువు. 200 గ్రాముల ఎండు మునగాకును 30×20×15 సెంటీమీటర్ల పెట్టెలో పంపితే అది 1.8 కిలోల సరుకుగా లెక్కకు వస్తుంది. అదే ఆకును పొడిచేసి 20×15×4 సెంటీమీటర్ల చదునైన సంచిలో పంపితే పరిమాణ బరువు 240 గ్రాములే. పొడి చేయడం నిల్వకు మాత్రమే కాక రవాణాకు కూడా మేలు చేస్తుంది.

బస్సు ద్వారా గుంపుగా, తపాలా ద్వారా విడిగా

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారిపై ఉన్నాయి. రాష్ట్ర ఆర్టీసీ 2020లో కార్గో సేవలు ప్రారంభించింది. హైదరాబాద్‌కు వారానికి ఇరవై ముప్పై ఆర్డర్లు ఉన్న సంఘం, సరుకునంతా ఒకే పెట్టెలో బస్సులో పంపి, అక్కడి ప్రతినిధి ద్వారా స్థానిక స్పీడ్ పోస్టులో బుక్ చేయించవచ్చు. పై ధరల ప్రకారమే చూస్తే 500 గ్రాముల పొట్లానికి రూ.70 బదులు రూ.28 సరిపోతుంది. ఇరవై పొట్లాలపై పన్నుకు ముందే రూ.840 తేడా వస్తుంది. బస్సు ఛార్జీ, ప్రతినిధి రాకపోకల ఖర్చు ఇందులోంచి పోగా మిగిలేదే అసలు ఆదా. ఆర్డర్లు నాలుగైదుకు మించనప్పుడు ఈ పద్ధతి గిట్టుబాటు కాదు.

నాణ్యత దెబ్బతింటే చౌక రవాణా కూడా ఖరీదే

మే నెల ఎండలో వాహనంలో గడిపే రెండు మూడు రోజులు విత్తనానికి పరీక్షాకాలం. విత్తన తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా విత్తన జీవితకాలం రెట్టింపవుతుందన్నది హారింగ్టన్ సూత్రం. తేమ చొరబడని సంచుల్లో ప్యాక్ చేసేటప్పుడు టమాట, వంగ, మిరప విత్తనాల్లో తేమ 6 శాతం, బెండలో 8 శాతం మించరాదు. సరిగా ఆరని విత్తనాన్ని గాలి చొరని సంచిలో బిగించడం కాగితపు పొట్లంలో ఉంచడం కంటే ప్రమాదకరం. కారం, పసుపు పొడులకు రెండు పొరల సంచి వాడాలి. ఒక్క సంచి చిట్లినా పక్కనున్న పొట్లాలన్నీ పాడవుతాయి.

చెల్లింపులు, చట్టాలు

సరుకు అందాక సొమ్ము చెల్లించే పద్ధతి కొత్తది కాదు. మన తపాలా శాఖ వి.పి. సేవను 1877లోనే ప్రవేశపెట్టింది. అయితే వినియోగదారుడు నిరాకరిస్తే పంపిన ఖర్చుతో పాటు తిరుగు ఖర్చు కూడా చిన్న అమ్మకందారుపైనే పడే అవకాశం ఉంది. యూపీఐ ద్వారా ముందుగా చెల్లించినవారికి కొంత తగ్గింపు ఇవ్వడం మేలైన మార్గం.

విత్తన వ్యాపారానికి 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు అవసరం. రైతు తాను పండించిన విత్తనాన్ని అమ్ముకొనే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ గుర్తిస్తున్నది. కాని రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో అమ్మరాదు. ఈ రెండింటి మధ్య గల తేడాను రైతులకు స్పష్టంగా వివరించాలి. ఆహార పదార్థాలకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్, పొట్లంపై తూనికలు–కొలతల నిబంధనల ప్రకారం నికర పరిమాణం, ధర, చిరునామా తప్పనిసరి. ట్రైకోడెర్మా వంటి జీవ నియంత్రణ కారకాలు 1968 క్రిమిసంహారక మందుల చట్టం పరిధిలోకి వస్తాయి కనుక వాటిని లైసెన్సు లేకుండా పొట్లాలు కట్టి పంపరాదు.

విస్తరణ విభాగం చేయవలసినది

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ మూడు పట్టణాల పరిసరాలకు దగ్గరగా సేవలందిస్తున్నాయి. విలువ జోడింపు శిక్షణలు సాధారణంగా ప్యాకింగ్‌తో ముగుస్తాయి. వాటికి ఒక పూట జోడించి తూకం, శ్లాబు, పరిమాణ బరువుల లెక్క నేర్పించవచ్చు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలోని విద్యార్థులు ఒక్కొక్క మహిళా సంఘం ఎంచుకొని, నెల రోజుల ఆర్డర్లకు సరుకు ధర, కవరు ఖర్చు, రవాణా ఛార్జీ, తిరిగి వచ్చిన పొట్లాల సంఖ్య నమోదు చేస్తే ఆ ప్రాంతానికి వర్తించే నమ్మదగిన సమాచారం లభిస్తుంది. ఆదాయ–వ్యయ నిష్పత్తిని పొలం గట్టు దగ్గర ఆపకుండా వినియోగదారుని గుమ్మం వరకు లెక్కించాలి. అప్పుడే ఏ ఉత్పత్తిని దూరప్రాంతాలకు పంపాలో, దేనిని స్థానిక సంతలోనే అమ్ముకోవాలో సంఘాలకు కచ్చితంగా చెప్పగలం.