తల్లి గుండె జబ్బు – పుట్టబోయే బిడ్డ



“కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలే” అని మన ఇళ్ళలో పెద్దలంటారు. చాలామందికి అది నిజమే. కానీ నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తున్నా వెంటనే గుండె పరీక్ష చేయించాలి.

గర్భిణి ఒంట్లో రక్తం 40 నుండి 50 శాతం దాకా పెరుగుతుంది. ఆ అదనపు భారమంతా గుండె మీదే. మన దేశంలో గర్భిణుల గుండె జబ్బులకు ముఖ్య కారణం చిన్ననాటి రుమాటిక్ జ్వరం. గొంతునొప్పితో మొదలై, కీళ్ళ నొప్పులతో తగ్గిపోయిందనుకున్న ఆ జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీస్తుంది. ఇరుకిళ్ళలో ఉండే పేద పిల్లల్లో ఇది ఎక్కువ. ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియక, చాలామందికి కానుపు వేళకే బయటపడుతుంది.

గుండె చాలినంత రక్తం పంపకపోతే మావికి అందేది తగ్గుతుంది. బిడ్డకు ఆహారమైనా, ప్రాణవాయువైనా మావి ద్వారానే అందాలి. అందువల్ల ఇలాంటి తల్లుల బిడ్డలు 37 వారాలు నిండకముందే పుట్టడం, రెండున్నర కిలోలకన్నా తక్కువ తూగడం ఎక్కువగా జరుగుతుంది. తల్లికి పుట్టుకతోనే గుండెలో లోపముంటే బిడ్డకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. అయిదో నెలలో చేసే ప్రత్యేక స్కానింగులో దాన్ని చాలావరకు గుర్తించవచ్చు.

మమ్మల్ని బాధపెట్టేది మరొకటుంది. సంబంధం తప్పిపోతుందని అమ్మాయి జబ్బు దాచి పెళ్ళి చేస్తారు. అత్తవారికి తెలుస్తుందని ఆమె మూడు నాలుగు వారాలకోసారి వేయించుకోవలసిన పెన్సిలిన్ ఇంజెక్షన్ మానేస్తుంది. కృత్రిమ కవాటం ఉన్నవారు వాడే వార్ఫరిన్ తొలి నెలల్లో శిశువుకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా మానేస్తే కవాటం దగ్గర రక్తం గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే గర్భం రాకముందే డాక్టరుకు చెప్పాలి. మందు మార్చవలసింది ఆయనే.

మన వరంగల్‌లో సి.కె.ఎం. ప్రసూతి ఆసుపత్రి, ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉన్నాయి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే పథకం 2016లో మొదలైంది. అర్హులైన పేదలకు గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో జరుగుతాయి. అయినా ఆటో కిరాయికీ, కూలి పోగొట్టుకుని వెంట వచ్చే మనిషికీ డబ్బులేక పరీక్ష వాయిదా పడుతుంది. దాతల చేయూత అవసరమైంది అక్కడే. దానితో పాటు మీ ఇంట్లో, మీ వీధిలో ఒక మాట చెప్పండి: ఆడపిల్ల గుండె జబ్బు దాచవలసిన తప్పు కాదు.