వేలిముద్రకూ తాళం వేయవచ్చును

పాస్‌వర్డ్ ఇతరులకు తెలిసిపోయిన మార్చుకొనవచ్చును. వేలిముద్రను మార్చుకొనుట ఎవరి తరమూ కాదు. బైరకూరు వంటి సరిహద్దు గ్రామాలలో పింఛను సొమ్ము, రేషను బియ్యము తరచుగా వేలిముద్రతోనే చేతికందుతున్నవి. కావున దానిని కాపాడుకొనుట ప్రతి కుటుంబానికీ అవసరము.

ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో సొమ్ము తీయుటకు మూడే కావలెను: ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర. కార్డు, పిన్, ఓటీపీ అక్కరలేదు. చదువు రాని వృద్ధులకు ఇది గొప్ప సౌకర్యము. అయితే ఆ మూడూ చిక్కిన దొంగకు కూడా పని అంతే సులువు.

ముద్ర దొంగకు ఎట్లు చిక్కును? 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి పత్రాల నుండి ముద్రలు సేకరించాడు. రబ్బరు స్టాంపులు చేయు పద్ధతిలో నకిలీ ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర సిమ్ కార్డులు తీసి పట్టుబడ్డాడు. 2023లో బెంగళూరులో ఆస్తి రిజిస్ట్రేషన్ చేయించుకొన్న పలువురి ఖాతాల నుండి ఇట్టి మార్గాననే సొమ్ము మాయమైనది. అటుపిమ్మట పత్రాలలోని ముద్రలు కనబడకుండా కప్పివేయుటకు కర్ణాటక ప్రభుత్వం చర్యలు చేపట్టింది. అయినను అంతకు మునుపే బయటికి వెళ్లిన నకళ్లను వెనుకకు తెచ్చుట సాధ్యము కాదు. ఇల్లు ఈవైపున, పొలము పుంగనూరు వైపున ఉన్నవారి పత్రాలు రెండు రాష్ట్రాల కచేరీలలోనూ ఉండును.

దీనికి విరుగుడు బయోమెట్రిక్ లాక్. ఎంఆధార్ యాప్‌లో గాని, మైఆధార్ వెబ్‌సైటులో గాని ఉచితంగా వేసికొనవచ్చును. ఆధార్‌లో మొబైల్ సంఖ్య ముందుగా నమోదై ఉండవలెను. తాళం వేసిన పిదప నకిలీ ముద్ర చెల్లదు. అసలు వేలు కూడా చెల్లదని మరువరాదు. రేషను తెచ్చుకొను దినమున తాత్కాలికంగా తెరచిన చాలును.

మరికొన్ని జాగ్రత్తలు:

1. ఆధార్ నకలు అడిగినచోట, అంగీకరించిన పక్షంలో, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవలెను.

2. సొమ్ము తీయునప్పుడు "ముద్ర పడలేదు, మరల వేయండి" అన్నచో, మొదటిసారి సొమ్ము పోలేదని రశీదు చూచి నిర్ధారించుకొనవలెను.

3. తెలియకుండా సొమ్ము పోయినచో తక్షణమే 1930కు ఫోను చేసి, బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలుపవలెను. ఆలస్యమైన కొలదీ సొమ్ము చేతులు మారిపోవును.

ఇంటిలో చదువుకొన్న పిల్లలు ముందుగా అవ్వతాతల ఆధార్‌కు ఈ తాళం వేసి, తెరచు విధానమును వారికి నేర్పుట మేలు.