చిన్న విశ్వవిద్యాలయములో గణితము, కంప్యూటరు శాస్త్రము

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు ఇండ్లలో ఒక ప్రశ్న వినవచ్చుచుండును. పిల్లవానిని కంప్యూటరులో చేర్చవలెనా, లెక్కలలో చేర్చవలెనా? కొంతకాలము క్రిందటివరకు బి.యస్సీ.లో చేరువారికి ఈ చిక్కు లేదు. గణితము, భౌతికశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము మూడును సమానముగా చదువు తరగతి యుండెడిది. 2023-24 విద్యాసంవత్సరము నుండి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో ఒక మేజరు, దానికి తోడుగా ఒక మైనరు అను పద్ధతి వచ్చినది. మునుపు కలిసి వచ్చిన వానిలో నేడు ఒకదానిని ముందు నిలుపవలసి యున్నది. కంప్యూటరును పట్టుకొని లెక్కలను విడిచిపెట్టుటయే లాభమను తలంపు పలువురిలో కలదు. అది సరికాదని మా అభిప్రాయము.

ఈ ఊళ్ల డిగ్రీ విద్యార్థులకు పట్టమిచ్చునది కర్నూలునందలి రాయలసీమ విశ్వవిద్యాలయము. అది 2008లో ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయినను విశ్వవిద్యాలయము కర్నూలుననే యున్నది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రక్కన ఇది చిన్నది. చిన్నచోట ఖరీదైన యంత్రములు ఎక్కువగా ఉండవు. ఉన్నవియు కొలది యేండ్లలో పాతబడును. గణితమునకు ఆ బెడద లేదు. నల్లబల్ల, సుద్దముక్క, ఓర్పుగల గురువు ఉన్నచో అది ఎక్కడనైనను సాగును. ఇక కంప్యూటరు శాస్త్రమున చెడనిది ఏదియో చూచినచో, అదియు చాలవరకు గణితమే.

మన కరణముల పాత లెక్కలనే తీసికొందము. పావు అనగా నాల్గవ వంతు. వీసము పదునారవ వంతు. కాని అరువదినాల్గవ వంతు. అంతయు నాలుగు నాలుగుగా విభజించుటయే. పావులకు నిలువు గీతలు, వీసములకు అడ్డగీతలు, ఆపై మరల నిలువు గీతలు వ్రాసెడివారు. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ అను అంతర్జాతీయ లిపిపట్టికలోను చోటు దొరకినది. కంప్యూటరు రెండేసిగా లెక్కించును. దాని లోపలి మీట వేసియుండుట, తీసియుండుట అను రెండు స్థితులనే ఎరుగును. నాలుగనగా రెండు రెండ్లు గదా! ముప్పావు మీద వీసమును మన పద్ధతిలో 3, 1 అని వ్రాసిన, యంత్రము 3కు 11, 1కి 01 చొప్పున 1101 అని వ్రాసికొనును. కరణమునకు యంత్రపు లెక్క కొత్తగా తోచియుండదు.

అయితే పదవ వంతు వచ్చుసరికి యంత్రము తడబడును. మూడవ వంతును దశాంశములలో వ్రాయబోయిన 3 తరువాత 3 వచ్చుచు తెగదని పిల్లలకు తెలియును. రెండేసి లెక్కలో పదవ వంతునకును అదే గతి. అందుచే రూపాయిలో పదవ వంతును, అయిదవ వంతును కలుపుమన్న, సాధారణ యంత్రగణితము 0.3 అని చెప్పక, 17వ దశాంశ స్థానమున ఒక 4 చేర్చి చూపును. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చుటకు పూర్వము రూపాయికి పదునారు అణాలు; ఆ అణాలను యంత్రము తప్పులేకుండ వ్రాసికొనగలిగెడిది. అణాకు పన్నెండు పైలు. పన్నెండులో మూడున్నది కనుక పైల దగ్గర మరల చిక్కే! నేడు జమాఖర్చుల ప్రోగ్రాములు వ్రాయు జాగ్రత్తపరులు మొత్తమును రూపాయల భిన్నములుగా గాక పూర్ణసంఖ్యలలో పైసలుగానే ఉంచుదురు. కారణమెరుగనివాడు యంత్రమును నిందించును. భిన్నములు తెలిసినవాడు సవరించును.

వెదకుట మరియొక ఉదాహరణము. రెండు లక్షల పేర్ల పట్టిక అక్షరక్రమమున ఉన్నదనుకొందము. నడుమ పేరును చూచి, మనకు కావలసినది ముందున్నదో వెనుకనున్నదో తేల్చి, సగమును తోసివేయుదము. మిగిలిన సగములోను అట్లే. 18 మారులు రెండును హెచ్చించిన 2,62,144 వచ్చును గనుక 18 చూపులతో ఏ పేరైనను తేలును. పట్టిక రెట్టింపైన ఒక చూపు మాత్రమే పెరుగును. ఇందులో యంత్రపు వేగము కంటె ఆలోచన బలము ఎక్కువ. కాని క్రమము చెడరాదు: ఒకడు "క్ష"ను ‘క’లో చేర్చి, మరొకడు దానిని వర్ణమాల చివర వెదకినచో, ఉన్న పేరే లేదని వచ్చును. ఏ నియమముపై పద్ధతి నిలిచియున్నదో ముందు నిరూపించుకొనవలెను. ఆళ్లగడ్డ శిల్పులకు ఇది తెలిసిన సంగతియే. తాళమానము చొప్పున ముఖపు పొడవును ప్రమాణముగా గొని, గీతలు గీసిన పిమ్మటనే ఉలి పట్టుదురు.

ఆంధ్ర విశ్వవిద్యాలయము తానే చిన్నదిగా ఉన్న దినములలో సి.ఆర్.రావుగారు అక్కడ గణితమున ఎం.ఏ. చదివిరి. పిదప కలకత్తా చేరి, 1945లో, ఇరువదియైదేండ్ల వయస్సున, ఒక అంచనా ఎంత సూక్ష్మముగా ఉండగలదో దానికి హద్దు నిర్ణయించిరి. సంకేతములను విశ్లేషించువారు నేడును ఆ హద్దును వాడుచున్నారు. అందరును అంతవారగుదురని కాదు; పునాది చిన్నచోటనే పడవచ్చునని మాత్రమే.

చిన్నచోటి లోట్లు మేమెరుగనివి కావు. తోడుగా ఆలోచించు సహపాఠులు కొద్దిమంది. గైడు పుస్తకమును వల్లించి పరీక్ష దాటువారు ఎక్కువ. ఐ.ఐ.టి.ల ఆచార్యుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగా లభించుచున్నవి గాని, అవి ఆంగ్లమున ఉండుటచే మొదటి నెలలు కష్టము. ఆడపిల్లను ఎం.యస్సీ.కి కర్నూలు పంపుటకు వెనుదీయు కుటుంబములును కలవు. ఆళ్లగడ్డ నుండి నిత్యము పోయివచ్చు దూరము కాదు. వసతిగృహము సంగతి ముందే విచారించుకొనవలెను.

కంప్యూటరును మేజరుగా గొనువారు గణితమును మైనరుగా కోరుట మేలు. అయితే ప్రతి కళాశాలయు ప్రతి జంటను ఇయ్యలేదు. రుసుము కట్టుటకు ముందే కళాశాలకు పోయి, గణితము మైనరుగా ఉన్నదా, దానిని బోధించు అధ్యాపకుడు ఈ సంవత్సరము ఉన్నాడా, అని రెండు మాటలు అడుగవలెను. రెండవ ప్రశ్నకు సమాధానము కార్యాలయములో కంటె పై తరగతి విద్యార్థుల వద్ద త్వరగా దొరకును.