తిండి మానితే తగ్గేదేమిటి?

"ఆరోగ్యమే మహాభాగ్యము" అన్నారు పెద్దలు. ఈ మాట మీద మనమందరం పరీక్షల్లో వ్యాసాలు రాసినవాళ్ళమే. అయినా ఈ మధ్య మన హాస్టళ్ళలో కొందరు రాత్రి భోజనం మానేస్తున్నారు. కొందరు ఉదయం టిఫిన్ వదిలేసి, వేడినీళ్ళలో నిమ్మకాయ పిండుకొని తాగి కాలేజీకి వెళ్తున్నారు. ఎందుకని అడిగితే "డైటింగ్" అంటారు. 'వారంలో 5 కిలోలు తగ్గండి' అనే వీడియో సెల్ ఫోనులో చూపిస్తారు. అందులో నిజమెంతో మిత్రులందరం తెలుసుకోవాలి.

ముందుగా లెక్క వేసి చూద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. 5 కిలోలకు 38,500. మన వయసు అమ్మాయిలకు రోజుకు సుమారు 2,500 కేలరీలు కావాలి. అంటే వారానికి 17,500. ఏడు రోజులూ మెతుకు ముట్టకపోయినా కరిగే కొవ్వు రెండు కిలోలకు కాస్త ఎక్కువ, అంతే!

మరి త్రాసులో అంత తగ్గినట్టు ఎందుకు కనిపిస్తుంది? మన కాలేయంలో, కండరాలలో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది. అది ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ముందు ఖర్చయ్యేది అదే. దానితోపాటు నీరూ పోతుంది. తరువాత కండ కూడా కరుగుతుంది. మళ్ళీ తినడం మొదలుపెట్టగానే నీరు తిరిగి చేరుతుంది. పోయిన కండ మాత్రం అంత త్వరగా రాదు.

'కీటో' పేరు కూడా ఇప్పుడు బాగా వినిపిస్తోంది. 1920లలో డాక్టర్లు మూర్ఛవ్యాధి చికిత్సకోసం వాడుకలోకి తెచ్చిన ఆహారమది. డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వవలసిన దానిని వీడియో చూసి పాటించడం మంచిది కాదు.

పస్తులుంటే చదువు కూడా దెబ్బతింటుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఇష్టపడి ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు మామూలు తిండిలో సుమారు సగమే పెట్టి పరిశీలించారు. వాళ్ళకు ఎప్పుడూ తిండి ధ్యాసే. చిరాకు, దిగులు పెరిగాయి, దేనిమీదా మనసు నిలవలేదు. ఖాళీ కడుపుతో స్టడీ అవర్‌లో కూర్చుంటే మన పరిస్థితీ ఇంతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ప్రార్థనలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయే చెల్లెళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. ఇలాంటి ఒంటికి ఇంకా పస్తులా?

అసలు ఈ డైటింగ్ చాలాసార్లు మన నోటినుండే మొదలవుతుంది. "బొండం", "డ్రమ్ము" అని ఒకరిని, "పుల్ల" అని ఇంకొకరిని పిలుస్తాం. మనకు అది సరదా. విన్నవాళ్ళు ఆ రాత్రి అన్నం ముందు నుండి లేచిపోతారు. తిండంటే భయపడటం, తిని కావాలని కక్కుకోవడం జబ్బు లక్షణాలు. అలాంటి వాళ్ళను వెక్కిరించకుండా వార్డెన్ గారికో, డాక్టరుకో చెప్పాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీమానస్ వారు ఉచితంగా సలహా ఇస్తారు.

నిజంగా బరువు ఎక్కువుంటే తగ్గవలసిందే. అయితే ఎక్కువో కాదో డాక్టరు చెప్పాలి. ఎదిగే వయసు కాబట్టి పెద్దవాళ్ళ పట్టిక 18 ఏళ్ళలోపు వారికి సరిపోదు. మూడు పూటలా వేళకు తిందాం. పప్పు, ఆకుకూర, గుడ్డు వదలొద్దు. ఆకుకూర అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. కూల్ డ్రింకులు, చిప్స్ తగ్గిద్దాం. సాయంత్రం గంటసేపు గ్రౌండ్‌లో ఆడదాం.

మన అమ్మమ్మలు, నాయనమ్మలు తిండి లేక పస్తులున్నారు. మెస్ చార్జీలు పెంచాలని మన సీనియర్లు ఎండలో ధర్నాలు చేశారు. అమ్మానాన్నలు ఇప్పటికీ ఫోన్ చేయగానే ముందు అడిగే మాట "తిన్నావా?" అనే. ఆ మాటకు మనం నిజమైన జవాబు చెప్పగలగాలి.